దేహమా, మనసా: అంగస్తంభన లోపంలో కారణ నిర్ణయం

మా గురువుగారి పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసానికి నేను ఎంచుకున్న అంశం విని నిర్వాహకుల్లో ఒకరిద్దరు తటపటాయించారు. సభకు స్త్రీలు వస్తారు, పెద్దవాళ్లు వస్తారు, ఈ మాటలు బాహాటంగా ఎలా చెబుతారని అడిగారు. ఆ తటపటాయింపు వల్ల మన ఇళ్లలో ఎంత నష్టం జరుగుతోందో గురువుగారికి బాగా తెలుసు. అందుకే ఆయన స్మృతికి ఈ అంశమే తగినదనుకున్నాను.

వార్డులో షుగర్ రోగి దగ్గర ఆయన పరీక్ష ఎప్పుడూ ఒకే వరసలో సాగేది. కాలి బొటనవేలి మీద ట్యూనింగ్ ఫోర్క్ ఆనించి అదురు తెలుస్తోందా అని అడిగేవారు. పాదం పైన వేళ్లు పెట్టి నాడి వెతికేవారు. తరవాత తోడొచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమని, తెర లాగి, ఆకలి గురించి, నిద్ర గురించి అడిగిన గొంతుతోనే దాంపత్యం ఎలా ఉందని అడిగేవారు. గొంతు తగ్గించేవారు కాదు. చాలామంది రోగులు ఒక్క క్షణం తల దించుకుని, ఆపైన ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పుకోనిది చెప్పేవారు. మేం విద్యార్థులం తెర ఇవతల నిలబడి కేస్ షీట్‌లో రాసుకునేవాళ్లం. ఇందులో శరీరం పాలు ఎంత, మనసు పాలు ఎంత అని ఆయన మమ్మల్ని అడిగేవారు. ఒక్కమాటలో జవాబు చెప్పినవాణ్ణి మళ్లీ రోగి దగ్గరికి పంపేవారు.

ఈ ప్రశ్న చాలా పాతది. ప్రతి కాలమూ తన చేతిలో ఉన్న పనిముట్టును బట్టి దీనికి జవాబు చెప్పింది. చేతిలో మంత్రం ఉన్న కాలం శాపమంది, స్వప్నవిశ్లేషణ ఉన్న కాలం మనసంది, సూదీ అల్ట్రాసౌండూ వచ్చిన కాలం రక్తనాళమంది. పనిముట్టు మారినప్పుడల్లా కారణం కూడా మారిపోయింది. ఈ మార్పుల్లో తరచూ మరుగునపడింది రోగి చెప్పే కథ. కారణాన్ని విడదీసి చూడటం అవసరం. ఏ పరీక్ష ముందు చేయాలో, ఏ చికిత్స ముందు మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి అది అవసరం. మనిషి నుదుట ముద్ర వేయడానికి మాత్రం దాన్ని వాడకూడదని నా దృఢమైన అభిప్రాయం. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

మన ప్రాచీన వైద్యం ఈ విషయంలో చూపిన సూక్ష్మదృష్టిని ముందు గుర్తుచేసుకోవాలి. చరకసంహిత చికిత్సాస్థానం 30వ అధ్యాయం క్లైబ్యాన్ని, అంటే అశక్తతను, నాలుగు విధాలుగా చెబుతుంది: బీజం దెబ్బతినడం వల్ల వచ్చేది, ధ్వజభంగం, ముసలితనం వల్ల వచ్చేది, శుక్రక్షయం వల్ల వచ్చేది. సుశ్రుతసంహిత చికిత్సాస్థానం 26వ అధ్యాయం ఆరు విధాలు చెబుతూ మొట్టమొదట మానసికాన్ని పేర్కొంటుంది. మనసుకు కష్టం కలిగినప్పుడు, ఇష్టంలేని స్త్రీతో కలవవలసివచ్చినప్పుడు శరీరం సహకరించదని ఆ గ్రంథం గుర్తించింది. ఆహారదోషం, పుట్టుకతో వచ్చిన లోపం, జననాంగ వ్యాధి, మర్మస్థానానికి తగిలిన దెబ్బ వంటివి ఆ తరవాత వస్తాయి. సరిదిద్దగలిగినవి ఏవో, సాధ్యం కానివి ఏవో కూడా అందులో వేరు చేసి చెప్పారు. లైంగిక సామర్థ్యానికి సంబంధించిన వాజీకరణాన్ని ఆయుర్వేద అష్టాంగాల్లో ఒకటిగా నిలిపిన సంప్రదాయం మనది. అయినా తరతరాలుగా ఇళ్లలో మిగిలింది లేహ్యం మాత్రమే. కారణాన్ని విచారించే ఆ పద్ధతి మిగలలేదు.

ఐరోపాలో ఇదే ప్రశ్న న్యాయస్థానాల్లోకి వెళ్లింది. భర్త అశక్తుడని భార్య వ్యాజ్యం వేస్తే, 16, 17 శతాబ్దాల ఫ్రాన్సులో అతడు వైద్యులు, శస్త్రకారులు, మంత్రసానుల సమక్షంలో తన సామర్థ్యాన్ని రుజువు చేసుకోవాల్సి వచ్చేది. 1659లో లాంజే అనే ప్రభువు ఆ పరీక్షలో విఫలమయ్యాడు. వివాహం రద్దయింది. తరవాత అతడు మరొక స్త్రీని పెళ్లాడి ఏడుగురు పిల్లలను కన్నాడు. ఆ ఉదంతం రేపిన అలజడి ఒక కారణమై 1677లో పారిస్ పార్లమెంటు అనే న్యాయస్థానం ఆ పరీక్షను నిషేధించింది. తలుపు అవతల సాక్షులు కాచుకుని ఉండగా ఏ శరీరం మాట వింటుంది? ఆ న్యాయాధిపతులు కొలిచింది అతని భయాన్ని. ఆ మాట చెప్పగలిగిన శాస్త్రం అప్పటికి వారి దగ్గర లేదు.

శరీరశాస్త్రం మాత్రం తన దారిన నడుస్తూనే ఉంది. డచ్చి వైద్యుడు రేనియే ద గ్రాఫ్ 1668లో పురుష జననాంగాల మీద గ్రంథం ప్రచురించాడు. మృతదేహంలోని రక్తనాళంలోకి ద్రవం ఎక్కించి స్తంభనను కలిగించవచ్చని అతడు చూపాడు. 1863లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎక్‌హార్డ్ కుక్కల్లో కటి నాడులను విద్యుత్తుతో ప్రేరేపించి అదే ఫలితం సాధించాడు. అంటే రక్తమూ నాడీ రెండూ 19వ శతాబ్దానికే తేలిపోయాయి. అయినా వైద్యులు వాటి వెంట వెళ్లకుండా గ్రంథుల సారం వెంట పడ్డారు. 1889లో బ్రౌన్ సెకార్డ్ అనే మహాశాస్త్రవేత్త తన 72వ ఏట జంతువుల వృషణాల సారాన్ని తనకు తానే సూదితో ఎక్కించుకుని యౌవనం తిరిగొచ్చిందని పారిస్‌లో ప్రకటించాడు. ఆ నీటిసారంలో హార్మోను ఉండేది అత్యల్పమని తరవాతి కాలం తేల్చింది. ఆయనకు బలాన్నిచ్చింది ఆయన నమ్మకమే. ఇది విని మనం ఆయనను చిన్నచూపు చూడనక్కర్లేదు. నమ్మకం శరీరం మీద పనిచేస్తుందనడానికి అది స్వచ్ఛమైన సాక్ష్యం.

20వ శతాబ్దం మనసు వైపు మొగ్గింది. 1912లో ఫ్రాయిడ్ రాసిన వ్యాసం, ప్రేమించిన చోట కోరిక కలగని, కోరిక కలిగిన చోట ప్రేమించలేని పురుషుణ్ణి మన ముందు నిలిపింది. 1970లో అమెరికా పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్‌లు తమ పరిశోధనను పుస్తకంగా తెచ్చారు. పడకలో తన పనితీరును తానే ప్రేక్షకుడిలా గమనించుకునే మగవాడు విఫలమవుతాడని, ఆ గమనింపును మాన్పించి స్పర్శ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టిస్తే కోలుకుంటాడని వారు చూపారు. అది గొప్ప చేర్పు. ఈనాటికీ పనికొస్తుంది. అయితే దాని నీడలో పదిమందిలో తొమ్మిదిమందికి మనసే కారణమన్న మాట వైద్యంలో స్థిరపడిపోయింది. షుగర్‌తో నాడులు దెబ్బతిన్నవాడికీ, పొగతాగి ధమనులు పూడుకున్నవాడికీ ధైర్యంగా ఉండమన్న సలహాయే దొరికింది.

ఈ చిక్కులోంచి మార్గం చూపింది నిద్ర. 1944లో జర్మనీలో ఓల్మేయర్ బృందం, నిద్రపోతున్న పురుషుల్లో సుమారు 85 నిమిషాలకొకసారి స్తంభన దానంతటదే వచ్చిపోతోందని నమోదు చేసింది. 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్‌లు కనుగుడ్లు వేగంగా కదిలే నిద్రదశను కనిపెట్టారు. ఈ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని 1965 నాటికి తేలింది. ఆ దశలో పగటి భయాల పట్టు ఉండదు. రక్తనాళాలు, నాడులు, హార్మోన్లు సవ్యంగా ఉంటే శరీరం తన పని తాను చేసుకుపోతుంది. మెలకువలో విఫలమైనవాడు నిద్రలో సమర్థుడైతే యంత్రాంగం చెడలేదని అర్థం. ఈ ఆలోచనను రోగ నిర్ణయానికి వాడవచ్చని 1970లో ఇస్మెత్ కరాజాన్ ప్రతిపాదించాడు. తరవాత ప్రయోగశాలలు, పరికరాలు వచ్చాయి. 1980లో ఒక బృందం తపాలా బిళ్లల వరసను అంగం చుట్టూ అంటించి పడుకోమనే పరీక్షను ప్రచురించింది. తెల్లారి బిళ్లల మధ్య చిల్లుల గీత తెగి ఉంటే స్తంభన కలిగినట్టే. అంత చవకైన పరీక్ష మరొకటి లేదు. ఆ బిళ్లలు కూడా అక్కర్లేని పరీక్ష ఇంకొకటుంది. పొద్దున లేచేటప్పుడు ఎలా ఉంటోందని అడగడమే అది.

1982లో ఫ్రాన్సులో విరాగ్ అనే వైద్యుడు పాపవరిన్ మందును నేరుగా అంగంలోకి ఎక్కించి స్తంభన కలిగించాడు. మరుసటి ఏడు లాస్‌వేగాస్‌లో జరిగిన అమెరికా మూత్రవ్యాధుల నిపుణుల సభలో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు గైల్స్ బ్రిండ్లీ తన శరీరాన్నే నిదర్శనంగా చూపాడు. ఏ శృంగార భావన లేకుండా, ఉపన్యాస వేదిక మీద నిలబడి, మందు ఒక్కదానితో అది సాధ్యమని సభికులకు రుజువు చేశాడు. తరవాత రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ పరీక్ష వచ్చింది. స్తంభనలో నైట్రిక్ ఆక్సైడ్ పాత్ర తేలింది. గుండెనొప్పికి ప్రయోగించి చూసిన సిల్డెనాఫిల్ అనే మందుకు 1998 మార్చి 27న అమెరికాలో ఈ వ్యాధికి అనుమతి వచ్చింది. అదే ఏడు నైట్రిక్ ఆక్సైడ్ పరిశోధనకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. దాంతో లోలకం అవతలి కొసకు వెళ్లింది. అంతకుముందు అంతా మనసన్న వైద్యమే ఇప్పుడు అంతా నాళమనడం మొదలుపెట్టింది.

ఈ రెండు వాదాలనూ ఒకచోట నిలబెట్టేది శరీరధర్మమే. స్తంభన కలగాలంటే వెన్ను అడుగుభాగంలోని త్రికనాడుల నుంచి సందేశం రావాలి. దానితో నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై, అంగంలోని నునుపు కండరం సడలి, ధమనుల నుంచి రక్తం లోపలి అరలను నింపాలి. అలా నిండిన అరలు సిరలను ఒత్తిపట్టి రక్తం వెనక్కి పోకుండా ఆపాలి. ఈ పనికంతటికీ ఎదురు నిలిచేది నారడ్రినలిన్ అనే రసాయనం. భయపడినప్పుడు, సిగ్గుతో బిగుసుకున్నప్పుడు, ఎవరో తలుపు తడతారని చెవులు రిక్కించినప్పుడు సహానుభూత నాడులు దాన్ని విడుదల చేస్తాయి. అప్పుడు అదే కండరం ముడుచుకుంటుంది. కాబట్టి మానసికమని మనం పేరు పెట్టినది రోగి ఊహలో జరగడం లేదు. కొలవగలిగిన రసాయనంతో, చూడగలిగిన కండరంలో జరుగుతోంది. అటువైపు, నాళం ఇరుకై రెండుసార్లు తడబడినవాడికి మూడోసారి భయం ఎలాగూ వస్తుంది. మొదటిది శరీరం చేసిన గాయం, రెండోది దాని మీద మనసు చేసిన గాయం.

ఇటలీ వైద్యులు 2003లో ప్రచురించిన ఒక పరిశోధనను నేను విద్యార్థులకు ప్రతి ఏటా చెబుతాను. గుండెజబ్బు కొత్తగా బయటపడిన 96 మంది పురుషులను మూడు గుంపులు చేసి అందరికీ అటెనొలాల్ అనే బీపీ మందు ఇచ్చారు. మొదటి గుంపుకు మందు పేరు చెప్పలేదు. రెండో గుంపుకు పేరు చెప్పారు, దాని దుష్ఫలితం చెప్పలేదు. మూడో గుంపుకు ఈ మందు స్తంభనను దెబ్బతీయవచ్చని కూడా చెప్పారు. మూడు నెలల తరవాత ఆ ఇబ్బంది ఉందన్నవారు మొదటి గుంపులో 3.1 శాతం, రెండో గుంపులో 15.6 శాతం, మూడో గుంపులో 31.2 శాతం. మందు ఒక్కటే, మోతాదు ఒక్కటే. తేడా చెవిన పడిన మాటలో ఉంది. బీపీ మాత్ర వల్ల వచ్చిన ఇబ్బందిని శారీరకమని ఒక గడిలో వేసేవాళ్లు ఈ అంకెల దగ్గర కాసేపు ఆగాలి. రోగికి దుష్ఫలితాలు దాచమని నేననడం లేదు. చెప్పే తీరు కూడా మందులో భాగమంటున్నాను.

ఇక పరీక్షగదికి వద్దాం. కొన్నేళ్ల క్రితం పెళ్లయిన మూడో వారంలో ఒక కుర్రాణ్ణి వాళ్ల బాబాయి నా దగ్గరికి తీసుకొచ్చాడు. కుర్రాడు నోరు విప్పలేదు. బాబాయే, "నరాల బలహీనతండీ, బలానికి ఏదన్నా సూది ఎయ్యండి" అన్నాడు. ఆయనను బయట కూర్చోబెట్టి మాట కదిపితే విషయం తెలిసింది. పెళ్లికి ముందు ఆ అమ్మాయితో ఒంటరిగా మాట్లాడింది లేదు. శోభనం రాత్రి గది బయట బంధువుల నవ్వులు. రెండు రోజులుగా నిద్ర లేదు. మొదటి రాత్రి కుదరలేదు, రెండో రాత్రి భయంతో కుదరలేదు, మూడో రోజుకు ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. బస్టాండు పక్క లాడ్జిలో మకాం వేసిన ఒక వైద్యుడు చేతి నాడి చూసి, చిన్నప్పటి హస్తప్రయోగం వల్ల ధాతువంతా పోయిందని, మూడు నెలల లేహ్యం వాడాలని చెప్పి డబ్బు తీసుకున్నాడు. "పొద్దున లేచేటప్పుడు ఎలా ఉంటుంది బాబూ?" అని అడిగాను. "అప్పుడు బాగానే ఉంటుందండీ" అన్నాడు. కాలి నాడులు చక్కగా కొట్టుకుంటున్నాయి, బీపీ, షుగర్ మామూలుగా ఉన్నాయి. అతనికి కావలసింది ఈ శరీరంలో ఏ లోపమూ లేదన్న మాట, ఆ మాటను అమ్మాయి కూడా కూర్చుని వినడం, కొన్ని వారాల పాటు ఎవరూ ఏమీ అడగకుండా వాళ్లిద్దరినీ వదిలేయడం.

ఆ లాడ్జి వైద్యుడు నాటిన భయానికి మన దేశంలో పెద్ద చరిత్రే ఉంది. ధాతువు, అంటే వీర్యం, పోతోందన్న బెంగతో నీరసపడి వచ్చే యువకుల స్థితిని డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 1960లో ధాత్ సిండ్రోమ్‌గా గుర్తించారు. ఆ బెంగను సొమ్ము చేసుకునే ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామని ప్రకటించడమే ఆ చట్టం కింద నేరం. అయినా రైలు పట్టాల వెంట గోడలు ఇవాళ్టికీ ఆ ప్రకటనలతో నిండి ఉన్నాయి. చట్టం ఉండి కూడా ఇంతమంది పిల్లలు దోపిడీకి గురవుతుంటే వైద్యులుగా మనం మాట్లాడకుండా ఉండటం న్యాయం కాదు.

మరొక రకం రోగి 50 దాటినవాడు. లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తా, రోజుకు పెట్టె సిగరెట్లు. ఇబ్బంది ఒక్క రోజులో రాలేదు, రెండేళ్లుగా మెల్లమెల్లగా ముదిరింది. భార్య దగ్గరే కాదు, ఎప్పుడూ అంతే. పొద్దుటి స్తంభన ఎప్పుడో పోయింది. కోరిక మాత్రం తగ్గలేదు. నా దగ్గరికి రాకముందు వేరే చోట, వయసొచ్చింది కదా, టెన్షన్ తగ్గించుకోమని చెప్పి పంపించారట. ఈ కథ వింటూనే వైద్యుడి ఆలోచన ఛాతీ వైపు వెళ్లాలి. అంగంలోని ధమనుల వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు, గుండె ధమనులది మూడు నాలుగు. ఒకే పూడిక రెండుచోట్లా మొదలైతే ముందు బయటపడేది సన్నటి నాళంలోనే. ఛాతీనొప్పితో వచ్చి గుండె ధమనుల వ్యాధి ఉందని తేలిన 300 మందిని మోంటోర్సీ బృందం పరిశీలించి 2003లో ఫలితాలు ప్రచురించింది. స్తంభన లోపం ఉన్నవారు దాదాపు సగం. వారిలో మూడింట రెండు వంతుల మందికి అది గుండెనొప్పి కన్నా సగటున 39 నెలల ముందే మొదలైంది. మూడేళ్లకు పైగా వ్యవధి! ఆ వ్యవధిలో సిగరెట్ మాన్పించవచ్చు, షుగర్, కొవ్వు అదుపులోకి తేవచ్చు. టెన్షన్ అన్న ఒక్క మాట ఆ వ్యవధిని కాజేస్తుంది.

మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో అంచనా వేసింది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 40 నుంచి 70 ఏళ్ల మగవారిలో చేసిన అధ్యయనం 1994లో వెలువడింది. అందులో పూర్తి స్తంభన లోపం మొత్తం మీద దాదాపు 10 శాతం మందికి ఉంటే, మధుమేహానికి చికిత్స పొందుతున్నవారిలో 28 శాతం మందికి ఉంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని మన షుగర్ క్లినిక్కుల ముందు బారులు తీరిన మనుషులను చూస్తే, ఎన్ని ఇళ్లలో ఎంత మౌనం ఉందో ఊహించవచ్చు.

పై రెండు కథలూ స్పష్టమైనవి. వచ్చే రోగుల్లో ఎక్కువమంది ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటారు. పొద్దుటి స్తంభన గురించిన ప్రశ్న కూడా అన్నివేళలా నిక్కచ్చి కాదు. తీవ్రమైన కుంగుబాటులో నిద్రలోని స్తంభనలు తగ్గవచ్చు. టెస్టోస్టిరాన్ తగ్గినా, గురకతో నిద్ర చెడినా తగ్గవచ్చు. కుంగుబాటుకు ఇచ్చే మందులే ఇబ్బంది పెట్టవచ్చు. హఠాత్తుగా మొదలైనదల్లా మనసుదీ కాదు. కటిభాగంలో శస్త్రచికిత్స జరిగినా, వెన్నుకు దెబ్బ తగిలినా అది హఠాత్తుగానే వస్తుంది. అందుకే ఒక ప్రశ్నతో ఆగకుండా ఎప్పుడు మొదలైంది, ఆ రోజుల్లో జీవితంలో ఏం జరిగింది, ఎవరి దగ్గర, ఏ స్థలంలో, కోరిక ఎలా ఉంది, ఏ మాత్రలు వాడుతున్నాడు అని నిదానంగా అడగాలి. ఓపీలో అంత సమయం ఎక్కడుందని జూనియర్లు అడుగుతారు. ఆ సమయం ఇవ్వకుండా రాసిన ఖరీదైన పరీక్షల చీటీ కన్నా పది నిమిషాల సంభాషణ ఎక్కువ చెబుతుంది.

న్యాయవ్యవస్థ ఈ విషయంలో ఒక విధంగా వైద్యం కన్నా ముందుంది. హిందూ వివాహ చట్టం కింద నడిచిన ఒక వ్యాజ్యంలో 1969లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, శారీరక స్థితి వల్ల గాని, మానసిక స్థితి వల్ల గాని దాంపత్యం ఆచరణలో అసాధ్యమైతే అది అశక్తతే. మనసు వల్ల వచ్చినదాన్ని అబద్ధమని, అలక్ష్యమని న్యాయస్థానం కొట్టిపారేయలేదు. కొట్టిపారేస్తున్నది మన ఇళ్లు, కొన్నిసార్లు మన ఆస్పత్రులు.

కేస్ షీట్‌లో శారీరకం, మానసికం అన్న రెండు మాటల్లో ఒకదాని చుట్టూ గీత గీయవద్దని విద్యార్థులకు నా విన్నపం. దేనితో మొదలైంది, దేనివల్ల ముదిరింది, ఇప్పుడు దేన్ని పట్టుకుంటే కదులుతుంది అని మూడు వాక్యాలు రాయండి. షుగర్ ఉన్న భర్తకు సిల్డెనాఫిల్ రాసిచ్చి పంపితే సగం పనే అయినట్టు. ఆ మాత్ర రాసేముందు గుండెకు నైట్రేట్లు, నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వంటివి వాడుతున్నాడేమో తప్పకుండా అడగండి. రెండూ కలిస్తే రక్తపోటు ప్రాణాపాయ స్థాయికి పడిపోతుంది. మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కునేవాడికి ఆ మాట చెప్పేవారు ఉండరు. మందు పనిచేసినా ఏళ్లుగా వేరే మంచాలకు అలవాటుపడిన ఇద్దరు ఒక్క మాత్రతో దగ్గర కారు. తన మీద ఆయనకు మనసు పోయిందని లోలోపల నమ్మి కుమిలిపోయిన ఆ ఇల్లాలిని కూడా ఒకరోజు రమ్మనండి. ఇది రక్తనాళాల జబ్బు అని, ఇన్నాళ్లూ మీలో ఏ లోపమూ లేదని ఆమెకు ఎదురుగా కూర్చుని చెప్పండి. ఆమె అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబిచ్చిన తరవాతే మందుచీటీ రాయండి.